కాలనీలో నాటకం వేయాలంటే ముందు పంచాంగం తీయండి

ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేశాను. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మా అపార్టుమెంటులో ఏటా ఒక నాటిక వేయిస్తున్నాను. మాది హైదరాబాదులో విద్యానగర్. ఇప్పటికి ఏడు నాటికలయ్యాయి. రెండు బాగా వచ్చాయి, నాలుగు ఫరవాలేదు, ఒకదాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. ఈ మధ్య చుట్టుపక్కల కాలనీల వాళ్ళు ఫోన్ చేసి "అంకుల్, మేమూ ఒకటి వేద్దామనుకుంటున్నాం, ఎట్లా మొదలుపెట్టాలి" అని అడుగుతున్నారు. అందరికీ అదే అరగంట చెప్పి గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కాలనీ నాటకమంటే ఆ ఒక్క సాయంత్రం అనుకోకండి. దానికి ముందు నలభై రాత్రులు పదిహేను మంది ఒకచోట చేరి కొట్టుకుంటారు, నవ్వుకుంటారు, టీ తాగుతారు. అసలు నాటకం అది. ప్రదర్శన దానికిచ్చే హారతి. నేను కింద చెప్పేవన్నీ ఆ నలభై రాత్రులు గట్టెక్కడానికే. ప్రైజులు కావాలంటే పరిషత్తు నాటకాలు ఆడేవాళ్ళను కలవండి. వాళ్ళ సాధన వేరు, మన సరదా వేరు.

తేదీ, హాలు

అందరూ ముందు కథ వెతుకుతారు. నేను మాత్రం ముందు పంచాంగం తీస్తాను.

మొదటి ఏడాది సంక్రాంతికి వేద్దామనుకున్నాం. సంక్రాంతికి హైదరాబాదులో ఎవరుంటారండీ? భోగికి రెండు రోజుల ముందే సగం బిల్డింగు ఊళ్ళ దారి పట్టింది. మా హీరో టోల్‌గేటు క్యూలోంచి ఫోన్ చేసి "అంకుల్, నా డైలాగులు ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాడు. మార్చిలో పరీక్షలు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా అదే. ఆ రోజు వేయాలని ఎవరికైనా ముచ్చట పుడుతుంది, కానీ ఆ ఎండల్లో ఏసీ లేని హాల్లో మేకప్ ముఖం మీద నిలవదు. వినాయకచవితి మండపంలో స్టేజి ఉచితంగా దొరుకుతుంది గానీ పక్క గల్లీ డీజేతో పోటీపడే గొంతు మనకెక్కడిది? ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, హాళ్ళు ఖాళీగా ఉంటాయి. కానీ అది బోనాల నెల. గోల్కొండ, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజా అంటూ ఆదివారాలన్నీ అమ్మవారివే. పైగా వానలు.

మాకు అచ్చొచ్చింది ధనుర్మాసం. డిసెంబరు 16 అటూ ఇటూగా మొదలై సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫోన్ కూడా ఎత్తని ఫంక్షన్ హాలు మేనేజరు ఆ నెలలో టీ తెప్పించి కూర్చోబెడతాడు. కిరాయి సగానికి సగం తగ్గించి ఇచ్చిన ఏడాది కూడా ఉంది. డిసెంబరు చివరి శనివారం, సాయంత్రం ఆరున్నర పెట్టుకోండి. అక్కడి నుంచి నలభై రోజులు వెనక్కి లెక్కేస్తే నవంబరు మధ్యకొస్తాం. అంటే కార్తీక వనభోజనాల రోజులు. పేర్లు రాసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆకులో పులిహోర ఉన్నప్పుడు ఎవరూ కాదనరు.

మీటింగులో ఎవరో ఒకరు "రవీంద్రభారతిలో వేద్దాం సార్" అంటారు. అంటారని రాసిపెట్టుకోండి. 1961లో, టాగోర్ శతజయంతి ఏడాదిలో పుట్టిన వేదిక అది, గొప్ప వేదికే. కానీ మన నూట యాభై మంది ఆ హాల్లో కూర్చుంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ కనబడతాయి. స్టేజి మీద మనవాళ్ళేమో అగ్గిపుల్లల్లా ఉంటారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం సంగతి మూడో ఏడు ఆలోచించవచ్చు. మొదటి ఏడు మీ కమ్యూనిటీ హాలు చాలు. ప్రేక్షకులు చేయి చాస్తే అందేంత దగ్గర్లో నాటకం ఎలా ఉంటుందో చూడాలంటే ఒకసారి బంజారాహిల్స్ లమకాన్‌కి వెళ్ళి రండి. ఆ వాకిట్లో ఏదో ఒక ప్రదర్శన ఉంటూనే ఉంటుంది.

ఏం వేయాలి

ముప్పావు గంట నాటిక, పన్నెండుకు తగ్గకుండా పాత్రలు. ముగ్గురే నటించే గొప్ప నాటిక దొరికినా పక్కన పెట్టండి. ముగ్గురి నాటకానికి ముగ్గురి చుట్టాలే వస్తారు. పద్నాలుగు మంది వేషాలు కడితే పద్నాలుగు కుటుంబాలు ముందు వరుస కోసం లొల్లి పెట్టుకుంటాయి.

పాత నాటికల పుస్తకాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చూడండి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా తగులుతుంటాయి. హక్కుల గొడవ చాలామందికి భయం. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మనలాంటి ఔత్సాహిక సంఘాలకు ఒక వెసులుబాటు ఉంది. చూసేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకుండా ఆడితే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టారా, రచయిత అనుమతి ఉండాల్సిందే. టికెట్ లేకపోయినా రచయిత బతికి ఉంటే ఒక ఫోన్ చేయండి, అది మర్యాద. రచయిత పోయిన 60 ఏళ్ళ తర్వాత హక్కు ముగుస్తుంది. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి కన్యాశుల్కం అందరిదీ. కాకపోతే మొత్తం ఆడాలంటే రాత్రంతా పడుతుంది, రెండు మూడు దృశ్యాలు ఏరుకోండి.

మూడో ఏడు నుంచి మేం సొంతంగానే రాసుకుంటున్నాం. వాటర్ ట్యాంకరు రాని వారం, లిఫ్టు రిపేరు డబ్బు ఎవరివ్వాలన్న తగాదా, ఇట్లాంటివే. ట్యాంకరు నాటికకు పడినన్ని చప్పట్లు దేనికీ పడలేదు, ఎందుకంటే హాల్లో ఉన్న ప్రతివాడూ ఆ వారం బకెట్ మోసినవాడే.

భాష సంగతి. మా బిల్డింగులో పాలమూరు వాళ్ళున్నారు, గుంటూరు వాళ్ళున్నారు, కింద టైలరు షాపు చాచా ఇంట్లో ఉర్దూ. నాటకమనగానే అందరి చేతా ఒకటే పుస్తకం తెలుగు పలికించి, తెలంగాణ యాస మాత్రం పనివాడికో జోకరుకో పెట్టే అలవాటు ఒకటుంది. దయచేసి ఆ పని చేయకండి. నల్గొండలో పుట్టినవాణ్ణి, చిన్నప్పటి నుంచీ చూసి చూసి విసుగెత్తింది. ఎవరింట్లో ఏది మాట్లాడతారో వేదిక మీదా అదే మాట్లాడనివ్వండి. మా నాటికలో జడ్జి "గట్లెట్ల చేస్తవయ్యా" అన్నాడు. మొదట నవ్వారు, రెండో నిమిషానికి అలవాటైపోయింది. చాచా తన వేషంలో "నక్కో సాబ్, పైసే నక్కో" అంటే ఎవరూ అర్థం అడగలేదు. అడిగితే వాళ్ళు హైదరాబాదు వాళ్ళు కాదన్నమాట.

ఎవరికి ఏ వేషం

ఇక్కడ తొందరపడొద్దు. వేషానికి మనిషిని వెతికితే అందంగా ఉన్నవాడు, గట్టిగా అరిచేవాడు ముందుకొస్తారు. మనిషిని చూసి వేషం వెతకండి.

మూడో అంతస్తులో రెండు ఫ్లాట్ల మధ్య ఒకరి బాత్రూము నీరు ఇంకొకరి గోడలోకి దిగుతోందని రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ ఇద్దరు గృహిణులకూ నేను ఎదురెదురు వేషాలిచ్చాను, నాటకంలో కూడా పోట్లాడుకునే వేషాలే. కలిపేద్దామని కాదు, కోపం ఎలాగూ రెడీగా ఉంది కదా అని. మొదటి వారం స్క్రిప్టు చూసి మరీ తిట్టుకున్నారు, చూడడానికి భయమేసేది. మూడో వారానికి ఒకావిడ డైలాగు మర్చిపోతే రెండో ఆవిడ పెదాలతో అందించడం నేను చూశాను. ఆ గోడ తడి ఇప్పటికీ ఆరలేదు, డబ్బు సంగతీ తేలలేదు. కానీ ఇప్పుడు బండి అడ్డంగా ఉంటే వాచ్‌మన్‌ను పంపకుండా నేరుగా బెల్లు కొట్టి చెప్పుకుంటారు.

ఆడవాళ్ళను నాటకంలోకి పిలిస్తే "మా అత్తగారు ఏమంటారో" అనే మాట ఇప్పటికీ వస్తుంది. నేను సురభి వాళ్ళ సంగతి చెబుతాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన నాటక కుటుంబం అది. మిగతా చోట్ల మగవాళ్ళు చీర కట్టుకుని ఆడవేషాలు వేస్తున్న కాలంలోనే వాళ్ళింటి ఆడవాళ్ళు స్టేజి ఎక్కారు. వాళ్ళ వారసులు మన శేరిలింగంపల్లి దగ్గరి సురభి కాలనీలోనే ఉన్నారు. వాళ్ళ మాయాబజార్ ఎక్కడ ఆడినా పిల్లలతో సహా టీమంతటినీ తీసుకెళ్ళండి. గాల్లో ఎగిరే బాణాలు చూడమని కాదు. తెర పడి లేచేలోపు వాళ్ళు ఎంత తక్కువ మాటలతో అడవిని అంతఃపురం చేస్తారో చూడండి. ఎవరి చేయి ఎక్కడుండాలో అందరికీ తెలుసు. ఆ అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. మా ఇంట్లో అట్లాగే కుదిరింది, మర్నాడు ఆవిడే తనకేదైనా ముసలమ్మ వేషం ఉందా అని అడిగింది.

పిల్లల దగ్గర ఇంకో చిక్కు. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవలేరు. మొదటి ఏడు డైలాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చాం. 'పళ్ళు' కాస్తా 'పల్లు' అయింది, 'కల్లు'కీ 'కళ్ళు'కీ తేడా పోయింది. వాళ్ళ తాతగారి వేషంలో ఉన్నాయన గుక్కతిప్పుకోలేనంత నవ్వాడు. ఇప్పుడు పిల్లలకు కాగితమే ఇవ్వం. నోటితో చెబుతాం, వాళ్ళు తిరిగి చెబుతారు, పద్యం నేర్పినట్టు. అసలు మా బిల్డింగులో తెలుగు తడుముకోకుండా చదివేది వాచ్‌మన్ కూతురే, సర్కారు బడిలో ఏడో క్లాసు. అందుకే ప్రాంప్టింగ్ ఆ అమ్మాయిది. సైడ్ వింగ్ వెనక స్టూలు మీద కూర్చుని సెక్రటరీ గారికి కూడా డైలాగు అందిస్తుంది, ఆయన చచ్చినట్టు అందుకుంటాడు. ప్రాంప్టరు మొదటి రోజు నుంచీ రిహార్సల్‌కి రావాలి. చివరి రోజు ఎవరినో పట్టుకొచ్చి కూర్చోబెడితే, నటుడు ఆలోచిస్తూ ఆగాడో మర్చిపోయి ఆగాడో వాళ్ళకెలా తెలుస్తుంది?

నలభై రాత్రులు

మా రిహార్సల్ సెల్లారులో, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది. అంతకన్నా ముందు పెడితే ఆడవాళ్ళకు వంట, తర్వాత పెడితే పిల్లలకు నిద్ర. అమెరికా షిఫ్టు కుర్రాడొకడు ఉంటాడు, వాడి సీన్లు ఆదివారం పొద్దున చేయించండి.

స్టేజి కొలత కోసం టేపు వెతక్కండి. ఒక చీర తెచ్చి నేల మీద పరవండి. చీర ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. మన కమ్యూనిటీ హాలు వేదిక వెడల్పు సుమారు అంతే ఉంటుంది. దాని వెంబడి సుద్దముక్కతో గీత గీసి, లోతుకు అదే చీర మడతపెట్టి ఇంకొంచెం కలపండి. తలుపు ఎక్కడో, సోఫా ఎక్కడో కూడా గీయండి. కార్లు కొంచెం జరపాల్సి వస్తుంది. ఎవరు జరుపుతారో ఎవరు జరపరో ఆ మొదటి రోజే తెలుస్తుంది, అదీ మంచిదే.

టికెట్ మిషన్లు రాకముందు నుంచీ లెక్క రాసే అలవాటు నాది. ఒక నోటుబుక్కులో రోజూ ఎవరొచ్చారో రాస్తాను. మూడు రోజులు వరసగా రాకపోతే తిట్టను, వాళ్ళింటికి వెళ్ళి టీ తాగొస్తాను. చాలాసార్లు ఇంట్లో జ్వరమో, ఉద్యోగం పోయిన టెన్షనో ఉంటుంది. ఒకాయనకు ఉద్యోగం పోయిన సంగతి బిల్డింగులో మొదట తెలిసింది మా నోటుబుక్కు వల్లే. అదే నెలలో ఇంకో వేషగాడు ఆయనకు పని చూపించాడు.

ఇప్పుడు గొంతు. నాకు బాగా తెలిసిన విద్య ఇదొక్కటే కాబట్టి కాస్త సాగదీస్తాను. కిక్కిరిసిన బస్సులో వెనక డోరు నుంచి డ్రైవరుకు వినబడేట్టు "రైట్, రైట్" అనడానికి అరవనక్కర్లేదు. పొట్ట బిగించి, మాట చివర దాకా గాలి మిగుల్చుకోవాలి. కొత్త నటుల తప్పు ఎక్కడంటే, వాక్యం గట్టిగా మొదలుపెట్టి చివరకొచ్చేసరికి మింగేస్తారు. తెలుగులో క్రియ ఎక్కడుంటుంది? చివర. "రేపు మీ ఇంటికి మా నాన్నతో కలిసి రా..." అని మింగేస్తే రానా, రాలేనా, రావాలా? కథంతా ఆ మింగిన రెండక్షరాల్లో ఉంది. అందుకని ప్రతి స్క్రిప్టులోనూ వాక్యం చివరి మాట కింద ఎర్ర పెన్సిలు గీత గీయిస్తాను. తర్వాత నటుణ్ణి ర్యాంపు పైన నిలబెట్టి నేను లిఫ్టు పక్కన నిలబడతాను. ఆ ఎర్ర మాట నాకు వినబడకపోతే "స్టాప్ రాలేదు, మళ్ళీ" అంటాను. పది రోజుల్లో కుదురుతుంది.

ఇంత ఎందుకంటే, నూట యాభై మంది హాల్లో మైకు వద్దు. స్టేజి ముందు రెండు మైకులు నిలబెట్టారా, మీ నటులంతా బెల్లం చుట్టూ చీమల్లా వాటి దగ్గరే మూగుతారు. నలభై రాత్రులు నేర్పిన నడకలన్నీ గంగలో కలుస్తాయి. హాలు గోల పెడితే వెనక గోడకు దుప్పట్లు వేలాడదీయండి, ఫ్యాన్లు ఆపేయండి. డిసెంబరు కదా, ఎవరూ అడగరు. బయట, మైకు పెట్టక తప్పకపోతే ముందుగా పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, అంటే దాదాపు మామూలు మాటల చప్పుడే.

కరెంటు, డబ్బు, శాలువాలు

ఐదో ఏడు జరిగింది చెబుతాను. హాలు పేరెందుకులెండి. లైట్ల కుర్రాడు 500 వాట్ల హాలోజెన్లు నాలుగు తెచ్చి ఒకే ప్లగ్గు లైనుకు తగిలించాడు. 2000 వాట్లంటే దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు. దానికే ఆ లైను మూలుగుతోంది. సరిగ్గా తండ్రి వీలునామా చదివే సీనులో వెనక ఎవరో అదే లైను మీద టీ కెటిల్ పెట్టారు. టప్పున మొత్తం పోయింది. ఫ్యూజు పెట్టె తాళం మేనేజరు దగ్గర, మేనేజరు ఇంటి దగ్గర. ఆ చీకట్లో రెండో వరుస నుంచి మా బిల్డింగు పెద్దాయన, ఎనభై దాటాయి, రాయబారం పద్యం ఎత్తుకున్నాడు. రాగం ఎక్కడికో వెళ్ళింది, గొంతు వణికింది, అయినా ఆపలేదు. "వన్స్‌మోర్" అని ఎవరో అరిచారు, ఆయన నిజంగానే మళ్ళీ పాడాడు. కరెంటు వచ్చాక కూడా మా తండ్రి వీలునామా పట్టుకుని ఆ పద్యం అయ్యేదాకా నిలబడాల్సి వచ్చింది.

కాబట్టి ఎల్ఈడీ లైట్లు మాట్లాడుకోండి, కరెంటు చాలా తక్కువ తీసుకుంటాయి. స్టేజి లైట్లకు వేరే లైను అడగండి. ఫ్యూజు పెట్టె తాళంచెవి ఆ సాయంత్రం మీ జేబులో ఉండాలి.

డబ్బు విషయంలో ఒకటే పట్టుదల: ఇంటికి రెండు వందలు, అంతకన్నా రూపాయి ఎక్కువ తీసుకోవద్దు. ఎవరైనా ఐదు వేలిచ్చారంటే నాటకం వాళ్ళదైపోతుంది, వాళ్ళబ్బాయి హీరో అవుతాడు. నలభై ఫ్లాట్ల మీద వచ్చే ఎనిమిది వేలు హాలు, లైట్లు, టీలకు సరిపోతాయి, ధనుర్మాసం కిరాయి అయితేనే సుమా. బట్టలు బీరువాల్లోంచే. మీసాలు, కిరీటాలు, పూసలు బేగంబజార్‌లో చవకగా దొరుకుతాయి. మేకప్ సంగతి కాలేజీ అమ్మాయిలకు వదిలేయండి, మనకన్నా బాగా తెలుసు.

ముఖ్య అతిథి అంటూ ఎవరో ఒక నాయకుణ్ణి పిలవక తప్పకపోవచ్చు. ఉపన్యాసం, శాలువా, ఫొటోలు అన్నీ నాటకం తర్వాతే. ముందు పెడితే గంటన్నర తింటారు. వేషం కట్టుకున్న పిల్లలు గ్రీన్‌రూములో నిద్రపోతారు, అతిథి మాత్రం నాటకం మొదలవగానే లేచి వెళ్ళిపోతాడు. తర్వాత అని చెబితే రెండు మంచి పనులు జరుగుతాయి. వచ్చేవాడు నాటకం చూస్తాడు, చూడలేనివాడు రాడు.

ఆ రోజు

పిల్లలకు ముందు జంపఖానా వేయండి, కుర్చీలిస్తే నటుల కాళ్ళు కనబడడం లేదని నిలబడతారు. ఆరున్నర అంటే ఆరున్నరకే తెర తీయండి, ఇద్దరే ఉన్నా సరే. బస్సు ఎవరి కోసమూ ఆగదని ఒక్క ఏడాది తెలిస్తే మరుసటి ఏడు ఆరుంబావుకే వస్తారు. గ్రీన్‌రూములో సేఫ్టీ పిన్నుల డబ్బా, మంచినీళ్ళు, అరటిపళ్ళు ఉంచండి. బిర్యానీ మాత్రం నాటకమయ్యాకే, మా రెండో ఏటి రాజుగారు సింహాసనం మీద తేన్చిన అనుభవంతో చెబుతున్నాను.

మర్నాడు పొద్దున ఖర్చుల కాగితం లిఫ్టు పక్కన అంటించండి, సేఫ్టీ పిన్నులతో సహా. తర్వాత కిరాయి కుర్చీలు లెక్కపెట్టండి. నూట యాభై తెస్తే నూట నలభై ఎనిమిదే తేలతాయి. షాపువాడితో గొడవపడే ముందు ఒకసారి టెర్రస్ మీదికి వెళ్ళి చూడండి. వాటర్ ట్యాంకు నీడలో ఎదురెదురుగా వేసి ఉంటాయి, మధ్యలో రెండు టీ గ్లాసులు.